ఫ్యాన్లు పెంచకండి, ముందు కార్డు లాగే కరెంటు తగ్గించండి

గేమ్ పెట్టిన పది నిమిషాలకే కంప్యూటర్‌లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు 83 డిగ్రీలకు చేరుతోంది, ఫ్యాన్ మోత భరించలేకపోతున్నాను, క్యాబినెట్‌కి ఇంకో రెండు ఫ్యాన్లు పెట్టించమంటారా అని అడిగారు. వద్దండీ. ముందు ఆ కార్డు లాగే కరెంటు తగ్గించండి. వేడి పుట్టాక దాన్ని తోలడానికే ఫ్యాన్లు. అసలు వేడే తక్కువ పుడితే వాటికి అరవాల్సిన పని ఉండదు.

నేను నరసరావుపేటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ముహూర్తాలు ఎక్కువగా ఎండాకాలంలోనే వస్తాయి కాబట్టి రోళ్లు పగిలే ఎండల్లోనే మా మెషిన్లకీ పని. నాది ఆర్టీఎక్స్ 3060 కార్డు. గట్టి పని పడితే 170 వాట్లు తీసుకుంటుంది, ఆ మొత్తం చివరికి వేడిగా మారి నేను కూర్చున్న గదిలోకే వస్తుంది. పైన శ్లాబు, పక్కన పడమటి గోడ. రోహిణి కార్తెలో రాత్రి పదకొండు దాటినా గదిలో 37 డిగ్రీలు ఉండేది.

రెండేళ్ల కిందట సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్క పురిటికి వచ్చి ఉంది. పాపకి ఇరవై రోజులు. పక్క గదిలోనే ఉయ్యాల. తెల్లారేసరికి పెళ్లివారికి వీడియో ఇస్తానని మాటిచ్చాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావించీ రిజాల్వ్‌లో ఎక్స్‌పోర్ట్ (పూర్తయిన వీడియోని ఫైలుగా తీయడం) పెట్టిన ఐదు నిమిషాలకి కార్డు ఫ్యాన్లు అందుకునేవి, పాప ఉలిక్కిపడి లేచేది, నేను ఎక్స్‌పోర్ట్ ఆపేసేవాణ్ని. రెండుసార్లు ఇదే జరిగింది. మూడోసారి అమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఏరా, ఆ పిండిమర ఆపితేగానీ పసిదానికి కునుకు పట్టదు" అంది. అక్క ఏమీ అనలేదు. నిద్ర లేక ఎర్రబడిన కళ్లతో పాపని భుజాన వేసుకుని వరండాలో తిరుగుతోంది. అది చూశాక నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

సీపీయూ ఉన్నది టేబుల్ కింద అరలో. దుమ్ము పడకూడదని వడ్రంగితో చెప్పి మరీ దానికి తలుపు పెట్టించాను. ఆ తలుపు తీయగానే మొహానికి పొయ్యి సెగ కొట్టినట్టైంది. కార్డు వదిలిన వేడిగాలినే మళ్లీ కార్డు పీలుస్తోంది! క్యాబినెట్ బయటికి లాగి, గోడకి జానెడు ఎడంగా పెట్టి, ముందున్న అద్దం పలక ఊడదీశాను. 84 ఉన్నది 77కి దిగింది. (ఈ అద్దాల క్యాబినెట్లు ఎవరి కోసం తయారుచేస్తున్నారో నాకు అర్థం కాదు. గాలి రావాల్సిన చోట అద్దం బిగించి, లోపల రంగు లైట్లు పెట్టి, దానికి పైగా ఎక్కువ డబ్బు తీసుకుంటున్నారు. జాలీ ఉన్నది కొనండి.) కానీ మోత మాత్రం పెద్దగా తగ్గలేదు.

అప్పుడు కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఇది ఉచితం, కార్డు వేరే కంపెనీదైనా పనిచేస్తుంది. అందులో పవర్ లిమిట్‌ని, అంటే కార్డు లాగే కరెంటుకి పెట్టే హద్దుని, 100 శాతం నుంచి 75కి దించాను. కార్డు 69 డిగ్రీల దగ్గర నిలబడింది. నిమిషానికి 2400 చుట్లు తిరుగుతున్న ఫ్యాన్ 1500కి వచ్చింది. 21 నిమిషాల ఎక్స్‌పోర్ట్‌కి నిమిషంన్నర ఎక్కువ పట్టింది, అంతే. పాప లేవలేదు. అక్క కూడా పడుకుంది.

కంపెనీలు పోటీలో పడి, చివరి ఐదారు శాతం వేగం కోసం కార్డుకి అవసరానికి మించి వోల్టేజి ఇస్తాయి. ఖర్చయ్యే కరెంటు వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది. అదే వేగం దగ్గర వోల్టేజి పది శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు 19 శాతం తగ్గుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఏ వేగానికి ఎంత వోల్టేజో చూపే గ్రాఫ్ వస్తుంది, అక్కడే తగ్గించుకోవచ్చు. నేను ఇప్పుడు 875 మిల్లీవోల్టుల దగ్గర నడుపుతున్నాను. మరీ తగ్గిస్తే గేమ్ ఆగిపోతుంది, అప్పుడు కొంచెం పెంచుకోండి. కార్డుకి ఏమీ కాదు. పైగా కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కూడా ఇంకాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. మా ఊళ్లో అది చిన్న విషయం కాదు.

మీది గేమ్ కాబట్టి ఇంకో సులువు ఉంది. మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే, అంటే సెకనుకి 60 బొమ్మలే చూపించేదైతే, కార్డు గీసే బొమ్మల్ని (ఫ్రేములు) కూడా సెకనుకి 60కి కట్టేయండి. చాలా గేముల్లో ఉత్త మెనూ తెరపైన కూడా కార్డు సెకనుకి వందల ఫ్రేములు గీస్తూ ఉంటుంది, అవి మన కంటికి చేరవు. "కీ..." అని సన్నగా వచ్చే శబ్దం కూడా దీంతో చాలావరకు పోతుంది. అది ఫ్యాన్‌ది కాదు, కార్డు మీద ఉండే తీగచుట్టల (కాయిల్స్)ది.

ఎవరో 65 డిగ్రీలే వస్తోందని పెట్టిన ఫొటో చూసి టెన్షన్ పడకండి. ఆయన 22 డిగ్రీల ఏసీలో కూర్చుని ఉంటాడు. మన 38 డిగ్రీల గదిలో అదే కార్డు 80 దాటుతుంది. గది వేడి తీసేసి లెక్క చూసుకోవాలి. 83 ప్రమాదమూ కాదు, నా కార్డుకి కంపెనీ చెప్పిన హద్దు 93.

ఒక్క విషయంలో మాత్రం బతిమాలుతున్నాను. వారంటీ ఉన్న కార్డుని పేస్ట్ (చిప్పు వేడిని హీట్‌సింక్‌కి, అంటే పైనుండే లోహపు దిమ్మకి, అందించేది) మార్పిస్తానని ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకండి. ఆ మే నెలలోనే అంతకుముందు ఒక షాపులో ఇచ్చాను. మెమరీ చిప్పుల మీద ఉండే థర్మల్ ప్యాడ్లు (వేడిని హీట్‌సింక్‌కి అందించే మెత్తటి పలకలు) చింపేసి, ఒక మిల్లీమీటరు ఉండాల్సిన చోట రెండు మిల్లీమీటర్లవి పెట్టారు. దాంతో హీట్‌సింక్ పైకి లేచి అసలు చిప్పుకి సరిగా ఆనలేదు. పైకి 75 డిగ్రీలే, హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) చూస్తే 104. మామూలుగా ఆ రెంటికీ తేడా పది, పదిహేను ఉండాలి. ఎనిమిది వందలు తీసుకుని, "ఎండాకాలం కదా సార్, ఏసీ పెట్టించుకోండి" అన్నారు. తర్వాత నేనే విప్పి, కొలిచి, సరైన ప్యాడ్లు తెప్పించి వేసుకున్నాను.

దుమ్ము మాత్రం మూడు నెలలకోసారి బ్లోయర్‌తో మీరే కొట్టుకోండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఈ రాత్రికి పవర్ లిమిట్ 75 పెట్టి ఒక గంట ఆడి చూడండి. అప్పటికీ 80 దిగకపోతే కార్డు మోడలూ, హాట్‌స్పాట్ ఎంతో, గదిలో ఎంత వేడి ఉందో రాయండి, చూస్తాను.