హ్యాంగర్‌లో చేరబోతున్న మేనల్లుడికి

మర్రిపాలెం, విశాఖపట్నం.

చిరంజీవి కిరణ్‌కు మావయ్య శుభాశీస్సులు.

వచ్చే నెల శంషాబాద్‌లో విమానాల నిర్వహణ పనిలో టెక్నీషియన్‌గా చేరుతున్నావని అక్కయ్య ఫోనులో చెప్పగానే ఎంతో సంతోషించాను. నేను ఉద్యోగకాలమంతా గడిపింది ఆ పనిలోనే కనుక, నీవు చేరేలోపు ఒక మాట నీ చెవిన వేయాలి. పూర్తయిన పనిని ఎవరైనా రాస్తారు. నీవు మాత్రం మధ్యలో ఆగిన పనిని ముందుగా రాయి. విప్పిన స్క్రూ, తెరిచిన ప్యానెల్, ఊడదీసిన పైపు తిరిగి బిగించేవరకు టాస్క్ కార్డు (చేయవలసిన, చేసిన పనులు రాసే పత్రం) మీద కనబడుతూ ఉండాలి.

1991 సెప్టెంబరు 11న అమెరికాలోని టెక్సాస్‌లో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ వారి చిన్న విమానం గాలిలోనే విచ్ఛిన్నమై, అందులోని 14 మందీ మరణించారు. ముందురోజు రాత్రి దాని తోక రెక్కల అంచులకు మంచు పట్టకుండా తొడిగే రబ్బరు బూట్లను మార్చే పని మొదలైంది. సాయంత్రం షిఫ్టువారు ఎడమ తోక రెక్క పైభాగాన 47 స్క్రూలు తీశారు. కానీ ఆ రాత్రి మార్చింది కుడివైపు బూటును మాత్రమే. ఎడమవైపు స్క్రూలు తీసిన సంగతి తరువాతి షిఫ్టువారికి సరిగా అందలేదు, కార్డు మీద రాసీ లేదు. ఆ రెక్క తోక కొసన ఎత్తులో ఉంటుంది కనుక, కింద నిలబడి చూసినవారికి పైభాగంలో ఏ లోపమూ కనబడదు. తెల్లవారి విమానం ఒకసారి క్షేమంగా ఎగిరి దిగింది కూడా. అక్కడ పనిచేసినవారు చేతగానివారు కారు. షిఫ్టు మారే ఆ కొద్దిసేపట్లో ఇంటికి వెళ్ళేవారి తొందర, వచ్చినవారి హడావుడి కలుస్తాయి. అందుకే నోటిమాటతో పని అప్పగించి వెళ్ళవద్దు, నోటిమాటతో అందుకోనూ వద్దు.

బోల్టులను కంటితో పోల్చి ఎంచుకోవద్దు. 1990లో ఇంగ్లండులో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి రాత్రి షిఫ్టులో ముందు అద్దం మార్చినప్పుడు, పాత బోల్టులను పక్కన పెట్టి సరిచూసి కొత్తవి తీసుకున్నారు. 90 బోల్టులలో 84 ఉండవలసినదానికంటే సన్నవి. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. పదిహేడు వేల అడుగుల ఎత్తున అద్దం ఊడిపోయి కెప్టెన్ నడుము వరకు బయటకు లాగబడితే, సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని ఆపగా కో-పైలట్ విమానాన్ని దింపాడు. అందరూ బతికారు. మాన్యువల్ తెరిచి పార్ట్ నంబరు చూస్తే తెలిసిపోయే తేడా అది.

మన విశాఖ ఉప్పుగాలికి ఇనుప గేట్లే ఏడాది తిరక్కుండా తుప్పు పడతాయి కనుక, సముద్రతీరంలో తిరిగే విమానాలను కడగడం ఎంత అవసరమో నీకు వేరే చెప్పనక్కరలేదు. అయితే కడిగేటప్పుడు విమానం పక్కలనున్న స్టాటిక్ పోర్టులు అనే చిన్న రంధ్రాలను కప్పుతారు. ఎత్తునూ వేగాన్నీ చూపే పరికరాలకు బయటి గాలి పీడనం తెలిసేది వాటి ద్వారానే. 1996 అక్టోబరు 2న పెరూలో ఏరోపెరూ విమానానికి అతికించిన టేపు తీయడం మరిచిపోయారు. లోహపు రంగులో కలిసిపోయే టేపు కావడంతో తరువాత చూసినవారికీ అది కనబడలేదు. చీకట్లో సముద్రం మీద తప్పుడు అంకెలు చూస్తూ పైలట్లు పోరాడారు; 70 మంది మరణించారు. నీ చేతికి అలాంటి పని వస్తే, ఎర్రని రిబ్బను వేలాడే కవర్లే అడుగు, ఎన్ని పెట్టావో రాసుకుని అన్నీ లెక్క చూసి వెనక్కు ఇవ్వు.

రాత్రి చేసిన తప్పు తెల్లవారేసరికే బయటపడుతుందనుకోకు. 1978లో తోక నేలకు రాసుకున్న జపాన్ ఎయిర్‌లైన్స్ జంబో విమానానికి లోపలి గాలి పీడనాన్ని ఆపే వెనుక గోడను మరమ్మతు చేసినప్పుడు, ఒకే ముక్కగా వేయవలసిన అతుకు పలకను రెండుగా కోసి వేశారు. రెండు వరుసల రివెట్లు మోయవలసిన బరువు ఒక్క వరుస మీద పడింది. అది ఏడేళ్ళపాటు, పన్నెండు వేలకు పైగా ప్రయాణాలు భరించి, 1985 ఆగస్టు 12న తెగిపోయింది. 520 మంది పోయారు. అందుకే మాన్యువల్ ఒకలా చెబుతుంటే చేయి మరోలా చేయడం నీ కంటబడినప్పుడు, పెద్దవారు చేస్తున్నారు కదా అని మొహమాటపడి ఊరుకోవద్దు.

మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు వచ్చేవరకు విమానాన్ని ప్రయాణానికి విడుదల చేసే సంతకం నీది కాదు. అయినా నీవు చేసిన పని ఎదుట నీ సంతకం ఉంటుంది. చూడనిదానికి పెట్టమంటే, మర్యాదగానే కాదని, ప్యానెల్ తెరిపించి చూసి పెట్టు. విమానం ఆలస్యమైతే కానివ్వు. చేరిన మొదటిరోజే షిఫ్టు అప్పగింత రిజిస్టరు ఎక్కడ ఉంటుందో, దానిని ఎవరు చదివి సంతకం చేస్తారో అడిగి తెలుసుకో.

అక్కయ్యకు, బావగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మావయ్య