ఆంధ్ర, ఒడిశా మధ్య కొటియా సరిహద్దు గొడవలో ఎదుటివాళ్ళు నిజాయితీగా వాదిస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

మాట మార్చే తీరును బట్టి. రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న కొటియా ఊళ్ళ మీద "సుప్రీంకోర్టు మాకే ఇచ్చింది" అని ఇటువాళ్ళూ అంటారు, అటువాళ్ళూ అంటారు. 1968లో ఒడిశా వేసిన దావా మీద 2006లో కోర్టు ఆ ఊళ్ళు ఎవరివో తేల్చనేలేదు. యథాతథ స్థితి ఉంచమంది. ఇది చెప్పి చూడండి. తెలియక అన్నాయన "అవునా, అయితే సర్వే రికార్డు చూద్దాం" అంటాడు. తెలిసీ అన్నాయన ఒప్పుకోడు, కాదనడు, గబుక్కున రేషన్ కార్డుల మీదికి దూకుతాడు. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నవాళ్ళు అక్కడ ఉన్నారు కదా అంటే, "ఇంతకీ నువ్వెవరి మనిషివి?" అని మన మీద పడతాడు. అక్కడ ఆపి అడగండి: "ఏ కాగితం చూపిస్తే మీరు మాట మార్చుకుంటారు?" ఒక్క కాగితం పేరూ చెప్పలేకపోతే చర్చ ఆపేయొచ్చు. అయితే అంతకుముందే ఆయన వాదనను ఆయన తలూపేలా మీ నోట ఒకసారి చెప్పి ఉండాలి.