కాలేజీ క్రీడాకారులు ఆట తర్వాతి ఉద్యోగానికి ఎప్పటినుంచి సిద్ధమవ్వాలి?

అమెరికాలో కాలేజీ జట్టుకు ఆడే విద్యార్థి ఆట తర్వాతి ఉద్యోగానికి మొదటి ఏడాది నుంచే సిద్ధమవ్వాలి, ఆఖరి సీజన్ ముగిశాక కాదు. అక్కడి కాలేజీ క్రీడలను నిర్వహించే సంఘం ఎన్‌సీఏఏ పరిధిలో 5 లక్షల మందికి పైగా ఆడుతున్నారు. ప్రొఫెషనల్ స్థాయికి చేరేది అందులో 2 శాతం లోపే. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 7 రౌండ్లూ కలిపి ఏటా తీసుకునేది సుమారు 260 మందిని.

అంతకన్నా పెద్ద చిక్కు టైమ్. సీజన్‌లో ప్రాక్టీసు, మ్యాచ్‌లకు వారానికి 20 గంటలే అని నిబంధన ఉంది కానీ ప్రయాణాలు, గాయాలకు చేయించుకునే చికిత్స ఆ లెక్కలోకి రావు. వేసవి కూడా చాలామందికి శిక్షణలోనే గడిచిపోతుంది. తోటి విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌లు చేసి పరిచయాలు పెంచుకునే సమయం అదే, వీళ్లు కోల్పోయేదీ అదే. కాబట్టి కాలేజీ చేయాల్సిన సాయం ఆఖర్లో ఒక రెజ్యూమె క్లాసు పెట్టడం కాదు. శిక్షణ షెడ్యూలుకు సరిపడే చిన్న ఇంటర్న్‌షిప్‌లు చూపించాలి, ఆడి బయటికెళ్లిన పాత విద్యార్థులతో కలపాలి, కోర్సు ఎంపికను ప్రాక్టీసు వేళలకు బలి చేయకుండా చూడాలి.

ఉద్యోగం గురించి ఆలోచిస్తే ఆట మీద మనసు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. నోటర్‌డామ్ యూనివర్సిటీలో చదివిన అలన్ పేజ్ 1971లో ఎన్‌ఎఫ్‌ఎల్ అత్యంత విలువైన ఆటగాడు. ఇంకా ఆడుతుండగానే 1978లో లా డిగ్రీ పూర్తిచేశారు, 1981 దాకా ఆడారు, 1993లో మిన్నెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు.