ఏటిపాల, క్రికెట్ బ్యాట్ విల్లో ఒకటేనా?

మన్యం వాగుల ఒడ్డున పెరిగే ఏటిపాల, బ్యాట్లు చేసే విల్లో ఒకే చెట్టా అని అడిగారు. కాదు. రెండూ సేలిక్స్ ప్రజాతివే, జాతులు వేరు. బ్యాట్లకు వాడేది సేలిక్స్ ఆల్బాలో ఒక రకం, కాశ్మీర్‌లోనూ పెంచుతారు. మన ఏటిపాల సేలిక్స్ టెట్రాస్పెర్మా. ఆకు చూసి తేల్చేద్దామంటే కుదరదు. విల్లోల్లో ఆకుని నమ్మకూడదు, పూత చూడాల్సిందే.

ఎమ్మెస్సీలో ఉండగా చలికాలంలో పాడేరు వైపు ఫీల్డ్ ట్రిప్‌కి వెళ్లాం. వాగు పక్కన ఏటిపాల పూత మీద ఉంది. "ఇది బ్యాట్ చెట్టేరా" అని మా బ్యాచ్‌లో ఒకడు పట్టుబట్టాడు. వేలాడుతున్న పూగుత్తి ఒకటి తుంచి, సూదితో ఒక్క పువ్వు విడదీసి, వాడి చేతికి హ్యాండ్ లెన్స్ ఇచ్చాను. రేకుల్లేవు. చిన్న పొలుసు, దాని మొదట్లో పసుపుపచ్చ కేసరాలు, అంటే పుప్పొడినిచ్చే మగ భాగాలు. లెక్కపెట్టమంటే ఎనిమిది వచ్చాయి, పక్క పువ్వులో ఏడు. ఆల్బాకి రెండే ఉంటాయి. వాదన అక్కడితో సరి. అయితే అది మగ చెట్టు. వీటిలో ఆడ, మగ పూలు వేర్వేరు చెట్లకు పూస్తాయి కాబట్టి ఆడ చెట్టు కోసం వాగు వెంట పైకి నడిచాం. టెట్రాస్పెర్మా అనే పేరుకు కారణమైన నాలుగు విత్తనాలు ఉండేది ఆడ చెట్టు కాయలోనే. ఆడ, మగ కొమ్మలు రెండూ ఉంటేనే హెర్బేరియం షీటుకు, అంటే ఎండబెట్టిన మొక్కను అంటించి దాచే కాగితానికి, విలువ.

ఇప్పుడేమో ఒక్క ఆకు ఫోటోకి యాప్ ఏ పేరు చెబితే అదే పిల్లలు రికార్డులో రాసేస్తున్నారు. పైగా శాస్త్రీయ నామం చివరుండే "రాక్స్‌బ." అనే ముక్కని ఎగ్గొడుతున్నారు. తెలుగువాళ్లం ఆ ముక్క అస్సలు వదలకూడదు! అది ఈ చెట్టుకు ఆ పేరు పెట్టిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్‌ని సూచిస్తుంది. 1793లో కలకత్తా బొటానికల్ తోటకు వెళ్లేదాకా ఏళ్ల తరబడి మన సామర్లకోటలోనే మొక్కలు పెంచాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన వేసిన పుస్తకం మొదటి సంపుటంలో 97వ పటం ఈ ఏటిపాలే. ఆయన బొమ్మలు గీయించింది మన దేశపు చిత్రకారులతో. పేరు పెట్టినాయన ప్రతి షీటు మీదా ఉన్నాడు, గీసినవాళ్లని మాత్రం ఎవరూ తలుచుకోరు. నాకు ఇదే మింగుడుపడదు.

ఇంకో సంగతి. డీఎన్‌ఏ ఆధారాలు వచ్చాక కానరేగుని కూడా విల్లోల కుటుంబంలోకే, సేలికేసీలోకే చేర్చారు. ముళ్ల కానరేగు ఏటిపాలకు చుట్టమన్నమాట.

మీ వాగు దగ్గరి చెట్టు పూసినప్పుడు పూగుత్తిని దగ్గర్నుంచి ఫోటో తీసి పెట్టండి. ఆడదో మగదో చెబుతాను.