ఆ కమిటీలో నువ్వొక్కదానివే అన్నావట

అమ్మడూ,

దేశదేశాలవాళ్ళు కలిసి రాసే ఆ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో, సభ్యుల ప్రవర్తన మీద వచ్చే ఫిర్యాదులు తేల్చే కోడ్ ఆఫ్ కండక్ట్ కమిటీలో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. "ఇటువైపు దేశాల నుంచి నేనొక్కదాన్నే" అని మురిసిపోయావట. నా భయమంతా ఆ 'ఒక్కదాన్నే' దగ్గరే.

ఫిర్యాదు రాగానే అందిందని జవాబివ్వు. విషయం కమిటీ దాటనివ్వకు. తెలిసినవాళ్ళ కేసైతే పక్కకు తప్పుకో. ఇవి నీకు తెలిసినవే. చాలా ప్రాజెక్టులు వాడుకునే ప్రవర్తనా నియమావళి కంట్రిబ్యూటర్ కవనెంట్ రెండో వెర్షన్ చదివే ఉంటావు: సరిదిద్దడం, హెచ్చరిక, తాత్కాలిక నిషేధం, శాశ్వత నిషేధం అని నాలుగు మెట్లు. తప్పేమిటో విడిగా రాసి చెప్పే ఆ మొదటి మెట్టు విలువ నాకు ఆలస్యంగా తెలిసింది.

నేనూ ఒకప్పుడు ఇలాంటి కమిటీలో 'ఒక్కడినే'. ఇతరుల కోడ్ చూసి ఒక కుర్రాడు రాసిన రివ్యూ కామెంట్ల మీద ఫిర్యాదు వచ్చింది. "ఫిక్స్ దిస్. రైట్ టెస్ట్స్. వై నాట్ డన్ యెట్?" అన్నీ అలాంటివే. పొగరు అన్నారు మిగతావాళ్ళు. అతనిది మన భాష కాదు కానీ, మన 'రాయండి'లో లాగే అతని భాషలోనూ మర్యాద క్రియ చివరే అంటుకుని ఉంటుంది. ఇంగ్లీషులోకి దించేసరికి ఆ 'అండి' రాలిపోయి ఉత్త 'రైట్' మిగులుతుంది. ఇది నాకు తెలుసు. కొత్తలో నేనూ అలాగే రాసి తిట్లు తిన్నవాణ్ణే.

అయినా నోరు విప్పలేదు. మనవాడని వెనకేసుకొస్తున్నాడనుకుంటారని భయం. ఇంకోటి చెప్పాలంటే సిగ్గుగా ఉంది: వాళ్ళలో ఒకడిగా లెక్కపెట్టారు కదా, అది పోతుందేమోనని. సంజాయిషీ అడిగితే అతను "సారీ" అని ఒక్క మాట రాశాడు. పెద్దలకు ఎదురు చెప్పకూడదని పెరిగినవాడు అంతకంటే ఏం రాస్తాడు? మేము దాన్నీ నిర్లక్ష్యం కిందే జమకట్టాం. నెలరోజుల నిషేధానికి నేనూ చెయ్యెత్తాను. అతను మళ్ళీ రాలేదు. అతను చివరగా పంపిన ప్యాచ్, అంటే కోడ్‌లో మార్పు, ఇప్పటికీ అలాగే తెరిచి ఉంది. కింద "డన్. ప్లీజ్ సీ." అని ఉంటుంది. ఎవరూ చూడలేదు.

ఫిర్యాదు చేసినవాడి బాధ అబద్ధమని కాదు. ఇద్దరితో విడివిడిగా ఒక్కసారి మాట్లాడితే సరిపోయేది. తమాషా ఏమిటంటే, అదే ప్రాజెక్టులో ఇంకొకాయన "విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్" అంటూ కొత్తవాళ్ళను ఏళ్ళ తరబడి చిన్నబుచ్చాడు. ఆయన మీద ఒక్క ఫిర్యాదూ నిలవలేదు. వాక్యాలు అంత నున్నగా ఉండేవి మరి!

ఇదంతా విని ప్రతివాడికీ వకాల్తా పుచ్చుకునేవు, జాగ్రత్త! వేధించినవాడి గురించి "వాళ్ళ దేశంలో అది మామూలే" అని ఎవరైనా అంటే, ఆ దేశపు ఆడవాళ్ళని అడుగు. సంస్కృతి పేరు చెప్పి తప్పించుకునేవాళ్ళు ఎక్కువగా సొంతవాళ్ళనే కాటేస్తారు.

చేరిన నెలలోనే వేరే ఖండం నుంచి ఇంకో ఇద్దరిని తీసుకోమని అడుగు. సగం ప్రపంచం తరఫున నువ్వొక్కదానివే మాట్లాడుతూ కూర్చుంటే ఏడాదికి అలసిపోతావు. మీటింగు ఎప్పుడూ నీ అర్ధరాత్రే పడుతుంటే వేళలు వంతులవారీగా మార్చమను, మొహమాటపడకు. ఫిర్యాదు ప్రాజెక్టును నడిపే మెయింటెయినర్ మీదే వస్తే ఏం చేయగలరో ముందే రాయించుకో. 2021 నవంబరులో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టులో ఇలాంటి ఫిర్యాదులు చూసే మోడరేషన్ టీమ్ మొత్తం ఒకేసారి రాజీనామా చేసింది, పైనున్న కోర్ టీమ్ ఎవరికీ జవాబుదారీ కాదని. చేతిలో ఏమీ లేనప్పుడు ఎన్ని దేశాలవాళ్ళు కూర్చున్నా ఫొటోకే.

కేసుల సంగతి నాకు చెప్పకు, చెప్పకూడదు కూడా. అందరూ ఒకవైపు ఉండి, నీ గొంతులో మాట అడ్డం పడిన రోజున మాత్రం ఫోన్ చెయ్యి. "నోరు పెగలడం లేదు బాబాయ్" అను, చాలు. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ బాబాయి