పాత వీడియో గేమ్, కొత్త టీవీ: బొమ్మ, రీజియన్ సందేహాలు

ప్రశ్న: మా ప్లేస్టేషన్ 2 ఇక్కడే కొన్నది. డబ్బా టీవీలో బాగానే కనిపించేది. 43 అంగుళాల ఎల్ఈడీ టీవీకి పెడితే బొమ్మంతా అలికేసినట్టు ఉంటోంది. ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ 1080పీ’ అని రాసున్న చిన్న డబ్బా కొన్నా మార్పు లేదు. ఏం చేయాలి? (గుంటూరు)

ముందు ఆ డబ్బా తీసి పక్కన పెట్టండి. కన్సోల్ నుంచి బయటికి వచ్చేటప్పుడే పాడైన బొమ్మను ఆ తర్వాత తగిలించే ఏ పెట్టే బాగుచేయలేదు. మీరు వాడుతున్న పసుపు పిన్ను కాంపోజిట్. వెలుతురు, రంగు రెండింటినీ ఒకే తీగలో కలిపి పంపుతుంది. వాటిని టీవీ మళ్లీ విడదీసుకోవాలి. అక్కడే అక్షరాల అంచుల వెంట చుక్కలు పాకుతాయి, ఎరుపు రంగు గీత దాటి పక్కకు కారుతుంది. డబ్బా మీద 1080పీ అని రాసున్నా దానికి అందేది ఆ కలగలుపే.

పీఎస్2కి కావాల్సింది కాంపోనెంట్ కేబుల్. అందులో ఐదు పిన్నులుంటాయి: ఆకుపచ్చ, నీలం, ఎరుపు బొమ్మకు, తెలుపు, ఎరుపు శబ్దానికి. ఎరుపువి రెండున్నాయి కాబట్టి చాలామంది అక్కడే తికమక పడతారు. అవి తారుమారైతే బొమ్మ రంగులు చెడిపోతాయి, స్పీకర్లో గుర్రుమనే మోత వస్తుంది. నీలం పిన్ను పక్కనే కట్టలో ఉన్న ఎరుపుది బొమ్మకు, తెల్లదానితో జంటగా ఉన్నది శబ్దానికి.

కేబుల్ మార్చేముందు ఒక సెట్టింగ్ మార్చాలి. పసుపు పిన్ను టీవీకి ఉండగానే డిస్క్ లేకుండా కన్సోల్ ఆన్ చేయండి. ‘సిస్టమ్ కాన్ఫిగరేషన్’లో ‘కాంపోనెంట్ వీడియో అవుట్’ దగ్గరికి వెళ్లండి. ‘ఆర్‌జీబీ’ అని ఉంటే ‘వై సీబీ/పీబీ సీఆర్/పీఆర్’ చేయండి. ఇది మరచిపోతే తెర ఆకుపచ్చగా మారుతుంది, మెనూ చదవడమే కష్టమవుతుంది. కేబుల్ పాడైందనుకుని దుకాణానికి తిరిగి ఇచ్చేసేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే.

కొత్త టీవీలు చాలావాటిలో కాంపోనెంట్‌కు విడిగా మూడు రంధ్రాలుండవు. వెనక ఆకుపచ్చ సాకెట్ దగ్గర ‘వై/వీడియో’ అని ఉంటే కాంపోజిట్, కాంపోనెంట్ రెండూ అక్కడే. కొన్నిటికి హెడ్‌ఫోన్ జాక్ లాంటి రంధ్రం, దానికి టీవీతో వచ్చే పొట్టి తోక వైరు ఉంటాయి. అదీ లేకపోతే పీఎస్2 వెనకాల నేరుగా గుచ్చే చిన్న హెచ్‌డీఎంఐ ముక్క తీసుకోవచ్చు. అది కాంపోనెంట్ సిగ్నల్‌నే డిజిటల్‌గా మార్చి ఉన్నదున్నట్టు పంపుతుంది, బొమ్మను పెద్దది చేయదు. పైన చెప్పిన సెట్టింగ్ దానికీ అవసరమే. చిన్న యూఎస్‌బీ వైరుతో 5 వోల్టుల కరెంటు కూడా ఇవ్వాలి.

ఆ తర్వాత టీవీలో ‘గేమ్ మోడ్’ ఆన్ చేసి, బొమ్మ వెడల్పు 4:3 పెట్టండి. బటన్ నొక్కిన క్షణానికీ తెర మీద కదలికకూ మధ్య ఆలస్యం చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: అమెరికాలో కొన్న పీఎస్2 డిస్కులు తెచ్చుకున్నాం. ఇక్కడి కన్సోల్‌లో పెడితే ఎర్రటి తెర మీద డిస్క్ సరికాదని వస్తోంది. టంకం పని లేకుండా దారి ఉందా? (విశాఖపట్నం)

ఉంది. మన దేశంలో అమ్మినవి పాల్ (యూరప్, మన దేశం వాడే టీవీ పద్ధతి) రీజియన్‌వి, మీ డిస్కులు ఎన్‌టీఎస్‌సీ యూ/సీ (అమెరికా పద్ధతి). కన్సోల్ లోపల డిస్కును నడిపే చిప్పే రీజియన్ చూసి ఆపేస్తుంది. దాన్ని కదిలించకుండా, గేమ్‌ను డిస్క్ బదులు పెన్‌డ్రైవ్ నుంచో ఎస్‌డీ కార్డు నుంచో నడిపితే ఆ తనిఖీయే ఉండదు.

కావాల్సినవి: మ్యాజిక్‌గేట్ (సోనీ భద్రతా పద్ధతి) ఉన్న 8 ఎంబీ మెమరీ కార్డు, దానిలో ‘ఫ్రీ మెక్‌బూట్’ (కార్డు నుంచి వేరే ప్రోగ్రాములు నడిపించేది), ‘ఓపెన్ పీఎస్2 లోడర్’ (గేమ్ ఫైళ్లను ఆడించేది). 64 ఎంబీ, 128 ఎంబీ అని అమ్మే చౌక కార్డులు వద్దు. వాటిలో సేవ్‌లు ఉన్నట్టుండి మాయమవుతాయి. కార్డులో సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి, దాన్ని ముందే ఎక్కించుకున్న ఇంకో కార్డు ఒక దారి. స్లిమ్ మోడల్ ఉంటే ‘ఫ్రీ డీవీడీ బూట్’ ఇమేజ్‌ను డీవీడీ-ఆర్ మీద రాసి పెట్టడం రెండో దారి. అప్పుడు కన్సోల్ భాష ఇంగ్లిష్‌లో ఉండాలి, లేకపోతే అది పనిచేయదు.

ఏ పనికైనా ముందు కన్సోల్ అడుగున స్టిక్కర్ చూడండి. 90000 సిరీస్ స్లిమ్‌లలో 2.30 బయోస్ (కన్సోల్ లోపలి మూల సాఫ్ట్‌వేర్) ఉన్నవి ఫ్రీ మెక్‌బూట్‌కు లొంగవు. తేదీ కోడ్ 8డీ, ఆ తర్వాతది అయితే దాని ఆశ వదులుకోవచ్చు, 8సీ అయితే అనుమానమే. అలాంటివాటికి అదే పని చేసే ‘ఓపెన్‌ట్యూనా’ ఉంది.

మీ డిస్కును కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో పెట్టి ఐఎస్ఓ ఫైల్‌గా (డిస్క్ మొత్తానికి నకలు) చేసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఇంగ్లిష్ పెద్ద అక్షరాలతో డీవీడీ, సీడీ అని రెండు ఫోల్డర్లు పెట్టాలి. అడుగు వెండి రంగులో ఉన్న డిస్కులవి మొదటిదానిలో, నీలి రంగువి రెండోదానిలో వేయాలి. నీలివి సీడీలు కాబట్టి వాటిని డీవీడీ ఫోల్డర్‌లో వేస్తే ఆడవు. ఫ్యాట్32 ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు, పెద్ద గేమ్‌ను ‘యూఎస్‌బీ యుటిల్’తో ముక్కలు చేయాలి.

ఇక్కడ ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ‘ఫ్రాగ్మెంటెడ్’ అనే సందేశం. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు తీసేస్తూ, వేస్తూ ఉంటే ఒకే గేమ్ అక్కడో ముక్క, ఇక్కడో ముక్కగా పడుతుంది. లోడర్‌కు గేమ్ వరసగా ఒకేచోట ఉండాలి. అన్నీ కంప్యూటర్‌లోకి తీసుకుని, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, ఒక్కో గేమ్ చొప్పున మళ్లీ ఎక్కిస్తే సరిపోతుంది.

మధ్యలో వచ్చే వీడియోలు నత్తనడక నడిస్తే కంగారుపడొద్దు. పీఎస్2లోని యూఎస్‌బీ 1.1 వేగం 12 ఎంబీపీఎస్ మాత్రమే, పెన్‌డ్రైవ్ ఎంత మంచిదైనా అంతే. రెండో మెమరీ కార్డు స్లాట్‌లో ఎస్‌డీ కార్డు పెట్టే ‘ఎంఎక్స్4ఎస్ఐఓ’ అడాప్టర్ దీనికన్నా నయం. స్లిమ్‌కు నెట్‌వర్క్ కేబుల్, పాత లావు మోడల్‌కు నెట్‌వర్క్ అడాప్టర్‌తో హార్డ్‌డిస్క్ ఇంకా నయం.

లోడర్‌లోనే ‘జీఎస్ఎం’ అనే సెట్టింగ్ ఉంది, గేమ్‌ను 480పీలో (480 గీతలూ ఒకేసారి గీసే బొమ్మ; ‘ఐ’ అంటే సగం సగం గీతలు మార్చి మార్చి గీసేది) ఆడిస్తుంది. కాంపోనెంట్ కేబుల్ వేశాక దీనివల్ల బొమ్మ ఎంతో తేరుకుంటుంది. కొన్ని గేములు మాత్రం వీడియో వచ్చే చోట నల్లతెరతో ఆగిపోతాయి. అలాంటి గేమ్‌కు ఒక్కదానికే దాన్ని ఆఫ్ చేయండి. ఎన్‌టీఎస్‌సీ గ్రాన్ టురిస్మో 4 లాంటి వాటికి ఇది అక్కర్లేదు, 480పీ, 1080ఐ ఆ గేమ్ ఆప్షన్లలోనే ఉంటాయి.

ప్రశ్న: మొదటి ప్లేస్టేషన్‌కు రీజియన్ తాళం దాటించే చిప్ వేయించాం. అమెరికా గేములు ఆడుతున్నాయి కానీ బొమ్మ నలుపు తెలుపులో వస్తోంది. చిప్ పాడైందా? (వరంగల్)

చిప్ తన పని తను చేస్తోంది. పీఎస్1 డిస్క్ లోపలి అంచు దగ్గర, డేటా గాడిలోని సన్నని వణుకులో నాలుగు అక్షరాల కోడ్ దాగి ఉంటుంది: యూరప్, మన దేశానిది ఎస్‌సీఈఈ, అమెరికాది ఎస్‌సీఈఏ, జపాన్‌ది ఎస్‌సీఈఐ. మీ కన్సోల్ ఎదురుచూసే కోడ్‌ను చిప్ పలికి గేమ్‌ను లోపలికి పంపేస్తుంది. రంగు సంగతి దాని చేతిలో లేదు.

ఎన్‌టీఎస్‌సీ రంగుకు 3.58 మెగాహెర్ట్జ్ తరంగం కావాలి. కన్సోల్ తన ప్రధాన గడియారాన్ని 15తో భాగించి దాన్ని తయారుచేసుకుంటుంది. అమెరికా కన్సోల్‌లో గడియారం 53.69, పాల్ కన్సోల్‌లో 53.20 మెగాహెర్ట్జ్. మీ దగ్గర వచ్చేది 3.55. ఈ కాస్త తేడాకే టీవీ రంగును గుర్తుపట్టలేక వదిలేస్తుంది.

ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరు తీగల్లో వెళ్తాయి) ఆ తరంగం అవసరమే లేదు కాబట్టి ఆర్‌జీబీ కేబుల్ వేస్తే రంగు వచ్చేస్తుంది. మన టీవీలకు స్కార్ట్ (ఆర్‌జీబీ తీసుకునే యూరప్ టీవీల) సాకెట్ ఉండదు. అందుకే మధ్యలో ఆర్‌జీబీ తీసుకునే కన్వర్టర్ పెట్టాలి. పసుపు పిన్నుతోనే ఉండాలంటే ‘డీఎఫ్ఓ’ అనే చిన్న బోర్డు వేయించండి. అది గేమ్‌ను బట్టి రెండు గడియారాల్లో సరైనదాన్ని అందిస్తుంది. ఒక జాగ్రత్త: పీఎస్2 కాంపోనెంట్ కేబుల్ పీఎస్1 సాకెట్‌లో చక్కగా దూరుతుంది. అయినా పీఎస్1 కాంపోనెంట్ ఇవ్వదు, ఆ డబ్బులు వృథా.

ప్రశ్న: డల్లాస్ నుంచి అక్కయ్య సూపర్ నింటెండో తెచ్చింది. ఇక్కడ ప్లగ్‌లో పెట్టొచ్చా? జపాన్ క్యాసెట్లు ఆడతాయా? (హైదరాబాద్)

నేరుగా పెట్టొద్దు. దాని అడాప్టర్ 120 వోల్టులది, 230లో కాలిపోతుంది. అడాప్టర్ కన్సోల్‌కు ఇచ్చేది 10 వోల్టుల డీసీ, 850 మిల్లీఆంప్స్. 230ని 110కి దించే 50 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ చాలు. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలిక కన్వర్టర్ మాత్రం వాడకండి.

జపాన్ క్యాసెట్లకు తాళం ఎలక్ట్రానిక్స్‌లో లేదు, ప్లాస్టిక్‌లో ఉంది. క్యాసెట్ పెట్టే గాడిలో రెండు చిన్న పళ్లుంటాయి, వాటిని కత్తిరిస్తే జపాన్‌వి కూర్చుంటాయి. అమెరికా, జపాన్ కన్సోళ్ల లాకౌట్ చిప్ ఒకే కోడ్ మాట్లాడుతుంది. యూరప్ క్యాసెట్లకు అది వేరు. వాటికి ‘సూపర్ సీఐసీ’ చిప్ వేయాలి, అందుకు టంకం తెలిసిన చెయ్యి కావాలి.

ఆర్‌జీబీ కేబుల్ కొనేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండండి. అమెరికా కన్సోల్ సాకెట్‌లో 3వ పిన్ను సింక్ (బొమ్మ గీతలను వరసలో నిలిపే సంకేతం), యూరప్ కన్సోల్‌లో అదే పిన్నులో 12 వోల్టులు. అమెరికా కన్సోల్ కోసం చేసిన, ఆ సింక్ పిన్ను వాడే సీ-సింక్ కేబుల్‌ను ఎప్పుడైనా పాల్ కన్సోల్‌కు పెడితే ఆ 12 వోల్టులు నేరుగా కన్వర్టర్ సింక్ ఇన్‌పుట్‌లోకి వెళ్తాయి. ఎన్‌టీఎస్‌సీ కేబుల్‌లో మూడు రంగులకూ 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, పాల్ కేబుల్‌లో 75 ఓమ్ రెసిస్టర్లు ఉండాలి. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే బొమ్మ మరీ తెల్లగానో మరీ మసకగానో వస్తుంది. కేబుల్ మీద కాగితం అంటించి ఏ కన్సోల్‌దో రాసుకోండి.

ప్రశ్న: సెగా వాళ్ల పాల్ మెగా డ్రైవ్‌ కన్సోల్‌లో గేములు నెమ్మదిగా ఆడతాయంటారు. నిజమేనా? (తిరుపతి)

నిజమే. 60 హెర్ట్జ్ కోసం రాసిన గేమ్ 50లో ఆడితే వేగం ఆరో వంతు తగ్గుతుంది, పాట కూడా సాగుతుంది. బోర్డు మీద ‘జేపీ’ అని రాసున్న జంపర్ల గీత తెంచి ఒక స్విచ్ పెట్టాలి: మధ్య కాలు గీతకు, అంచు కాళ్లు ఒకటి 5 వోల్టులకు, ఒకటి గ్రౌండ్‌కు. ఒక స్విచ్ 50/60 కోసం, ఇంకోటి జపాన్/ఇంగ్లిష్ కోసం. 60కి మార్చాక పసుపు పిన్నులో రంగు పోతే వరంగల్ ప్రశ్న జవాబే దీనికీ. అడాప్టర్ మార్చేటప్పుడు గుర్తుంచుకోండి: మొదటి మోడల్ పిన్ను మధ్యలో నెగటివ్, రెండో మోడల్‌కు పాజిటివ్.

ప్రశ్న: ఇన్ని కన్సోళ్లకు ఒకే కన్వర్టర్ కొనాలంటే ఏది? (విజయవాడ)

పాత కన్సోళ్లు సెకనుకు 60 సార్లు 240 గీతల పూర్తి బొమ్మ గీస్తాయి. చౌక డబ్బా దాన్ని 480ఐ అనుకుని రెండు వరస బొమ్మలను కలిపి కుడుతుంది. దెబ్బ తగిలినప్పుడు మన హీరో మినుకుమినుకుమంటాడు కదా, ఒక బొమ్మలో ఉండి తర్వాతదానిలో ఉండడు. చౌక డబ్బాలో వాడు దువ్వెన పళ్లలా చారలుగా కనిపిస్తాడు. కొనేముందు ఈ ఒక్కటి చూస్తే చాలు, డబ్బా సంగతి తేలిపోతుంది.

240పీ కన్సోళ్లే ఎక్కువైతే ‘ఓఎస్ఎస్‌సీ’ మంచిది. గీతలను రెండు నుంచి ఐదింతలు చేస్తుంది, బొమ్మను దాచుకోదు కాబట్టి ఆలస్యం ఉండదు. పెద్ద గుణకాలను కొన్ని టీవీలు ఒప్పుకోవు, అప్పుడు తగ్గించాలి. పీఎస్2 లాంటి 480ఐ, 576ఐ మాత్రం దానిలో వణుకుతాయి. పీఎస్2 మీకు ముఖ్యమైతే ‘రెట్రోటింక్ 5ఎక్స్’ తీసుకోండి. అంత ఖర్చు వద్దంటే జీబీఎస్-8200 బోర్డుకు ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డు కలిపి చేసే ‘జీబీఎస్ కంట్రోల్’ ఉంది. ఆర్‌జీబీ, కాంపోనెంట్ రెండూ తీసుకుంటుంది, కదలికను చూసి గీతలు కలుపుతుంది, ఎస్ఐ5351 గడియారం బోర్డు కూడా జోడిస్తే ఇంకా స్థిరంగా ఉంటుంది. దాని నుంచి వచ్చేది వీజీఏ, కాబట్టి వీజీఏ టు హెచ్‌డీఎంఐ ముక్క విడిగా కొనాలి. సెగా డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ ఉన్నవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు: చాలా గేములు 480పీని వీజీఏలోనే ఇస్తాయి, అదే ముక్క నేరుగా సరిపోతుంది.