అమెరికా సీటు వచ్చిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు ఆఫర్ లెటర్లూ చూశాను. మూడు చోట్ల ఎం.ఎస్. సీటు రావడం చిన్న సంగతి కాదు, ముందు అందుకు అభినందనలు. "వెళ్లమంటారా, వద్దంటారా, ఒక్క మాటలో చెప్పండి మామయ్యా" అని రాశావు. ఒక్క మాటలో ఏదీ చెప్పలేనని మీ అమ్మకు నా చిన్నప్పటి నుంచీ తెలుసు. కాబట్టి తీరిగ్గా కూర్చుని చదువు. బావగారికి కూడా చూపించు. డబ్బు సంగతి వచ్చే చోటు ఆయన చదవాల్సిందే.

ఇక్కడ అమెరికాలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మెకానికల్ పాఠాలు చెప్పడంతో పాటు ఏటా దరఖాస్తులు చదివే పని కూడా నాదే. మన పిల్లల దరఖాస్తుల్లో నాకు తరచూ కనిపించేది ఒకటుంది. ఏ దేశం, ఏ ఊరు అన్నది మొదట తేలిపోతుంది. ఏం చదవాలన్నది కన్సల్టెన్సీ వాళ్లు తేలుస్తారు. ఆ చదువుతో ఏ పని చెయ్యాలన్నది విమానం దిగాక ఆలోచిస్తారు. నువ్వు ఈ వరుసను తలకిందులు చేసి చూడు. నీ విషయంలో అది మరీ అవసరం, ఎందుకంటే నువ్వు కోరుకుంటున్నది రాకెట్ ఇంజిన్లు.

దహనం, ప్రొపల్షన్ (రాకెట్‌ను ముందుకు తోసే విద్య) నేర్చుకోవడానికి ఇక్కడ గొప్ప చోట్లే ఉన్నాయి. పర్డ్యూ విశ్వవిద్యాలయంలోని జూక్రో ప్రయోగశాలల పేరు నువ్వే రాశావు. బహిరంగంగా ప్రచురించే పరిశోధన అయితే విదేశీ విద్యార్థులు కూడా చెయ్యవచ్చు. చిక్కంతా పట్టా పుచ్చుకున్నాక వస్తుంది. రాకెట్లు, క్షిపణులు, యుద్ధ విమానాల ఇంజిన్ల వంటివి ఇక్కడ ఆయుధ ఎగుమతుల నిబంధనల కిందికి వస్తాయి. ఐటార్ అంటారు. ఆ నిబంధనల ప్రకారం ఇంజిన్ డ్రాయింగును దేశం దాటించనక్కర్లేదు, పక్క కుర్చీలో కూర్చున్న విదేశీయుడికి చూపించినా ఎగుమతి చేసినట్టే లెక్క. అందుకని ఆ కంపెనీలు పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవారిని, శరణార్థులుగా గుర్తింపు పొందినవారిని తప్ప మిగతావారిని సాధారణంగా తీసుకోవు. విద్యార్థి వీసా గానీ, ఉద్యోగులకు ఇచ్చే హెచ్-1బి వీసా గానీ ఇందులోకి రావు. ప్రభుత్వం దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకునే వీలుంది కానీ, కొత్తగా చదువు ముగించిన పిల్ల కోసం ఏ కంపెనీ అంత శ్రమ పడదు. నా మాట మీద నమ్మకం లేకపోతే, నీకు నచ్చిన అమెరికా రాకెట్ కంపెనీ ఉద్యోగాల పేజీ తెరిచి, ప్రొపల్షన్ ఇంజినీరు ప్రకటన ఒకటి పట్టుకుని చివరి పేరా చదువు. అందరూ జీతం దగ్గర ఆగిపోతారు. అసలు సంగతి దాని కింద ఉంటుంది.

గ్రీన్‌కార్డు తెచ్చుకుని అప్పుడు చేరతానంటావేమో. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు లక్షా 40 వేలు. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నది నియమం. ఎం.ఎస్. చేసినవారి కేటగిరీలో పదేళ్ల కిందట దరఖాస్తు పెట్టుకున్న మనవాళ్లు ఇంకా వరుసలోనే ఉన్నారు. ఇప్పుడు నిలబడితే నీ వంతు ఎప్పుడొస్తుందో లెక్క వేసే ఓపిక నాకు లేదు. పైగా రాకెట్ల వంటి రంగాలు చదవబోయేవారికి వీసా ఇంటర్వ్యూ తర్వాత అదనపు పరిశీలన పడే అవకాశం ఉంది. అది వారాలు పట్టవచ్చు, ఒక్కోసారి నెలలు.

ఈలోగా మన దగ్గర ఏం జరుగుతోందో చూడు. 2022 నవంబరు 18న హైదరాబాదు కంపెనీ స్కైరూట్ తన విక్రమ్-ఎస్ రాకెట్‌ను శ్రీహరికోట నుంచి పంపింది. 2024 మే నెలలో, ఐ.ఐ.టి. మద్రాసులో పురుడు పోసుకున్న అగ్నికుల్ త్రీడీ ప్రింటింగ్‌తో ఒకే ముక్కగా చేసిన ఇంజిన్‌ను ఎగరేసింది. ఇస్రో ఎలాగూ ఉంది. రాకెట్ ఇంజిన్ మీద చెయ్యి పెట్టి పని చెయ్యాలన్నదే నీ కోరిక అయితే, అమెరికా నీకు చదువు ఇస్తుంది, ఉద్యోగం మాత్రం నెల్లూరు దారిలోనే దొరికేలా ఉంది.

అలాగని చదువు వృథా అనుకోకు. నువ్వు నేర్చే ఉష్ణప్రసారం, ద్రవగతి శాస్త్రం వేరే చోట్ల బాగా అమ్ముడుపోతాయి. డేటా సెంటర్లను చల్లబరచడం, బ్యాటరీల వేడి, విద్యుత్తు తయారు చేసే టర్బైన్లు, లారీల ఇంజిన్లు, వీటిలో చాలా ఉద్యోగాలకు పౌరసత్వం అడగరు. పదేళ్లు సర్వర్లు చల్లబరిచినా నాకు సంతోషమే అనగలిగితే అమెరికా లెక్క ఒకలా ఉంటుంది. రాకెట్ తప్ప వద్దంటే ఇంకోలా ఉంటుంది. ఇది నువ్వు తేల్చుకోవాల్సిందే, నేను గానీ మీ నాన్న గానీ తేల్చేది కాదు.

బావగారూ, ఇక్కడి నుంచి మీకు. ఆఫర్‌తో పాటు వచ్చిన ఖర్చుల పట్టిక మీరు చూసే ఉంటారు. రేపు వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మొదటి పేజీలో వచ్చేదీ అదే. ఎడమ పక్క ఫీజు, బస, ఇతర ఖర్చులు, మొత్తం. కుడి పక్క ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న వివరం. రెండు చోట్ల వేలు పెట్టి చూడండి. ఒకటి, ఆ అంచనా ఎన్ని నెలలకో పైన రాసి ఉంటుంది. మూడు ఆఫర్లలో బోస్టన్‌ది వేసింది 9 నెలలకు. ఇంటి యజమాని మాత్రం 12 నెలలూ అద్దె తీసుకుంటాడు. రెండు, కుడి పక్క విశ్వవిద్యాలయం ఇచ్చే సాయం అన్న గడి. మూడింటిలోనూ అక్కడ సున్నా ఉంది.

వేసవి అద్దెలు కూడా కలిపి నేను లెక్క కట్టాను. రెండో ఆఫర్, అంటే మిడ్‌వెస్ట్ (అమెరికా మధ్య ఉత్తర ప్రాంతం)లోని చిన్న ఊరి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మూడు సెమిస్టర్లు ముగిసేసరికి దాదాపు 62 వేల డాలర్లు. డాలరు 90 రూపాయల లెక్కన 56 లక్షలు. బోస్టన్‌లో నాలుగు సెమిస్టర్లకు లక్షా 10 వేల డాలర్లు, అంటే 99 లక్షలు. 11 శాతం వడ్డీకి పదేళ్ల వాయిదాల మీద అప్పు తీసుకుంటే మొదటిదానికి నెలకు 77 వేలు, రెండోదానికి లక్షా 36 వేలు కట్టాలి. చదువుకునే రోజుల్లో పెరిగే వడ్డీ దీనికి అదనం. ఇక్కడ ఉద్యోగం వస్తే ఆ 77 వేలు కొత్తలో కాస్త బిగించుకుంటే తీర్చవచ్చు. ఉద్యోగం రాక తిరిగి వస్తే, మన దగ్గర కొత్త మెకానికల్ ఇంజినీరుకు నెల జీతమే అంత రాదు. కాబట్టి నా మాట ఇది: తిరిగి వచ్చి మన దగ్గరి జీతంతో తీర్చగలిగినంత అప్పే చెయ్యండి. 20 లక్షలైతే వాయిదా 27,500 దాకా పడుతుంది. అంతవరకు పరవాలేదు. మిగతాది విశ్వవిద్యాలయం ఇవ్వాలి, లేదా మీ దగ్గర దాచుకున్నది ఉండాలి. కాలువ కింది రెండెకరాలు తాకట్టు పెట్టే ఆలోచన మాత్రం దయచేసి ఆపండి. అక్కయ్య ఈ మాట మీతో అనలేక నాతో అనిపిస్తోందని అనుకున్నా సరే.

పార్ట్‌టైమ్ చేసుకుని గడిపేస్తుందన్న మాట ఇరుగుపొరుగు వాళ్లు చెప్పి ఉంటారు. చదువు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదు. గంటకు 13 డాలర్లు అనుకున్నా నెలకు వెయ్యి చిల్లర. చిన్న ఊళ్లో ముగ్గురు కలిసి ఉంటే అద్దెకూ సరుకులకూ సరిపోతుంది, ఫీజుకు చాలదు. బయట పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో నగదుకు చేసే పని చట్టవిరుద్ధం. పట్టుబడితే చదువూ వీసా రెండూ పోతాయి.

అమ్మాయీ, మళ్లీ నీకు. పట్టా వచ్చాక, విద్యార్థి వీసా మీదే చదివిన రంగంలో పని చేసుకోనిచ్చే ఓ.పి.టి. కింద ఏడాది, ఇంజినీరింగ్ కాబట్టి మరో రెండేళ్లు పని చేసుకోవచ్చు. మొదటి ఏడాదిలో అన్నీ కలిపి 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఈలోపు ప్రతి మార్చిలో హెచ్-1బి లాటరీ. కోటా 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20 వేలు. 2025 లాటరీకి సుమారు 3 లక్షల 44 వేల దరఖాస్తులు వస్తే, లక్షా 20 వేలు ఎంపికయ్యాయి. ఇప్పుడు ఎక్కువ జీతం స్థాయి ఉన్నవారికి ఎక్కువ అవకాశం వచ్చేలా పద్ధతి మార్చారు. కొత్తగా చేరేవారికి ఇది దెబ్బే. 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్లు విధించారు. విద్యార్థి వీసా మీద ఇక్కడే ఉండి మారేవారికి అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. దీని భావం గమనించావా? ఒకసారి ఇంటికి వచ్చేస్తే, కంపెనీ మళ్లీ పిలిపించుకుంటుందన్న ఆశ పెట్టుకోవడానికి లేదు. ఈ నియమాలు నువ్వు చదువు ముగించేలోపు ఇంకెన్నిసార్లు మారతాయో. అందుకే వీసాను చూసుకుని చదువు ఎంచుకోవద్దంటున్నాను.

మూడో ఆఫర్ గురించి ఎక్కువ రాయను. జీఆర్ఈ ప్రవేశ పరీక్ష అడగలేదు, వారంలో సీటిచ్చారు, చేరిన మొదటి రోజు నుంచే బయట ఉద్యోగం చెయ్యవచ్చని కన్సల్టెన్సీ చెప్పింది. ఆ చివరి మాట వినగానే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో చదువు పేరుతో వీసాలు అమ్ముకున్న ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు అందులో ఉన్నవారు ఎక్కువమంది మన రాష్ట్రం పిల్లలే. కొందరి కాళ్లకు కదలికలు కనిపెట్టే రేడియో పట్టీలు బిగించారు. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అసలు విశ్వవిద్యాలయమే కాదు, అధికారులే పన్నిన వల. అందులోనూ మనవాళ్లే చిక్కారు. సీటు ఇప్పించే చాలా కన్సల్టెన్సీలకు ఆ విశ్వవిద్యాలయాలే కమిషన్ ఇస్తాయి. వాళ్ల దగ్గర ఫారాలు నింపించుకో, సలహా మాత్రం అడగకు. బ్యాంకులో డబ్బు లేకపోయినా నెల రోజులు ఉన్నట్టు చూపిస్తామంటారు, దానికి అసలే ఒప్పుకోవద్దు. తప్పుడు కాగితం ఇచ్చినట్టు తేలితే ఆ దేశపు తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు.

నా అభిప్రాయం అడిగావు కాబట్టి: బోస్టన్ పేరు గొప్పదే, కానీ అప్పు దానికన్నా గొప్పది, వదిలెయ్యి. చిన్న ఊరి రాష్ట్ర విశ్వవిద్యాలయం మీద ఆశ ఉంచుకో. వాళ్లకు రెండు ఉత్తరాలు రాయి. మొదటిది ఆ విభాగంలో విద్యార్థుల వ్యవహారాలు చూసేవారికి. గత ఏడాది చేరిన ఎం.ఎస్. విద్యార్థుల్లో ఎందరికి అసిస్టెంట్‌షిప్ (విభాగంలో పని చేసినందుకు ఇచ్చే ఆర్థిక సాయం) దొరికింది, థీసిస్ రాసే వీలుందా, ఏడాది వాయిదా వేసుకుంటే సీటు నిలుస్తుందా అని నేరుగా అడుగు. రెండోది దహనం మీద పని చేస్తున్న ఆచార్యుడికి. నీ జీవిత చరిత్ర వద్దు, "చిన్నప్పటి నుంచీ యంత్రాలంటే ఇష్టం" అసలే వద్దు. అలాంటివి రోజుకు పదొస్తాయి, మొదటి వాక్యం దగ్గరే తీసేస్తాను. ఆయన ఈ మధ్య ప్రచురించిన వ్యాసం ఒకటి నిజంగా చదివి, అందులో నీకు అర్థం కానిది ఒకటి అడుగు. నీ ప్రాజెక్టులో ఇంజెక్టర్ (ఇంధనాన్ని చిమ్మే భాగం) మీద చేసిన పరీక్ష గ్రాఫు ఒక్కటి జతచెయ్యి. నీ కొలతలు లెక్కకు ఎందుకు కలవలేదో నాకు ఫోనులో చెప్పావు చూడు, అది అలాగే రాయి. ఆ రెండు వాక్యాలు మార్కుల జాబితా కంటే ఎక్కువ పని చేస్తాయి. ఏప్రిల్ 15 వరకు కంగారు పడకు. ఆర్థిక సాయంతో ఆఫర్లు వచ్చినవారు ఆ తేదీ లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి, వాళ్లు వదులుకున్నవి తర్వాత మిగతావారికి తిరుగుతాయి.

అక్కడా ఏమీ తేలకపోతే గేట్ స్కోరు చేతిలో ఉంది. మన దగ్గర ఎం.టెక్.లో నెలకు 12,400 ఉపకార వేతనం ఇస్తారు, అప్పు ఉండదు. రెండేళ్ల పరిశోధన చేతిలో పెట్టుకుని పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తే, ఇక్కడ ఇంజినీరింగ్ పీహెచ్‌డీలకు సాధారణంగా ఫీజు మాఫీ చేసి జీతం కూడా ఇస్తారు. అప్పుడు అమెరికా ఖర్చు అమెరికాదే. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గురించి నేనేమీ అనను, దాని పేరెత్తినప్పుడల్లా నీ గొంతు ఎలా మారుతుందో నాకు తెలుసు.

చలి, వంట అని ఏవో అడిగావు. రెండు నెలల్లో అలవాటవుతాయి. అమ్మమ్మ "పెళ్లి చేసి పంపండి" అంటోందట. ఆమెతో నేను మాట్లాడతాను, నువ్వు ఆ చర్చలోకి దిగకు.

ఆచార్యుడికి రాసే ఉత్తరం చిత్తుప్రతి ఈ వారంలో నాకు పంపు. ఎక్కడ బాగాలేదో చెబుతాను, తిరగరాయడం మాత్రం నువ్వే చెయ్యాలి. గ్రాఫులో నిలువు గీతకు ప్రమాణం వెయ్యలేదు, అదీ సరిచెయ్యి.

మీ మామయ్య